హంస చేసే పని కాగితం చేస్తుందా?

కిందటి వర్షాకాలంలో ఒక సోమవారం. ఓపీ కిటకిటలాడుతోంది. ఒక తల్లి ఏడాదిన్నర పిల్లవాణ్ణి చంకనేసుకుని వచ్చింది. పుట్టినప్పుడు మూడు కిలోలున్నాడట. మొదటి పుట్టినరోజుకు తొమ్మిది కిలోలు తూగాడు. ఇప్పుడు తూస్తే ఎనిమిదిన్నర! జ్వరం లేదు, దగ్గు లేదు, విరేచనాలు లేవు.

“ఏం పెడుతున్నావమ్మా?” అని అడిగాను.

“అన్నం, పప్పుకట్టు, బిస్కెట్లు సార్. పాలు మాత్రం మూణ్ణెల్ల కిందట మాన్పించేశాను.”

“ఎందుకని?”

ఆమె సంచిలోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో వేలెడంత కాగితపు పట్టీ. దాని కొస లేత పసుపురంగులో ఉంది.

“పాలలో యూరియా కలుపుతున్నారు సార్. ఈ కాగితం ముంచితే రంగు మారింది. ఎరువు కలిపిన పాలు తెలిసి తెలిసి పిల్లాడికి ఎలా పొయ్యమంటారు?”

కథ అక్కడితో ఆగలేదు. వాళ్లింటికి పాలు పోసేది ఒక పెద్దావిడ. రెండు గేదెలే ఆమెకు ఆధారం. ఈ కాగితం సంగతి వీధిలో పాకిపోయింది. మరో అయిదు ఇళ్లవాళ్లు కూడా ఆమె దగ్గర పాలు మానేశారు.

నేను ఆ తల్లిని మూడు ప్రశ్నలు వేశాను. కాగితం ముంచిన ఎంతసేపటికి రంగు చూశావు? కాగితంతోపాటు ఇచ్చిన రంగుల అట్టతో పోల్చి చూశావా? ఇంకెవరి పాలయినా అలాగే పరీక్షించావా? పొయ్యి మీద కూర మాడుతుంటే వెళ్లి, దించి వచ్చి చూసిందట. అట్టను పెట్టెతోపాటు పారేసిందట. వేరే పాలు పరీక్షించలేదట. ఆమెను తప్పుపట్టి లాభం లేదు. కాగితం అమ్మినవాళ్లు చేతిలో పెట్టారే గాని, దాన్ని చదవడం ఎవరూ నేర్పలేదు.

పాలనూ నీళ్లనూ వేరుచేసే శక్తి హంసకు ఉందని మన పెద్దలు అన్నారు. ఇప్పుడు ఆ హంస పనిని నాలుగంగుళాల కాగితం చేస్తుందని పత్రికల్లో, ఫోన్లలో చూస్తున్నాం. ఇందులో నిజమెంత? అది ఏం చెబుతుంది, ఏం చెప్పదు? ఈ సంగతి ప్రతి ఇల్లాలికీ తెలిసి ఉండటం మంచిది.

కాగితానికి ఈ విద్య ఎలా వచ్చింది?

ఇది కొత్త విద్యేమీ కాదు. హైస్కూల్లో లిట్మస్ కాగితం చూసే ఉంటారు. నిమ్మరసంలో ముంచితే నీలి కాగితం ఎర్రబడుతుంది. సున్నపు నీటిలో ముంచితే ఎర్ర కాగితం నీలంగా మారుతుంది. కాగితంలో ఇంకిన రంగు పదార్థం, పులుపు తగిలితే ఒక రంగు, క్షారం తగిలితే ఇంకో రంగు చూపిస్తుంది. అంతే రహస్యం.

మా వైద్య వృత్తిలో ఈ కాగితాలు రాకముందు, మూత్రంలో చక్కెర చూడాలంటే గాజు గొట్టంలో బెనెడిక్టు ద్రావణం పోసి, మూత్రం చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద మరిగించేవాళ్లం. నీలం రంగు ఆకుపచ్చ, పసుపు, ఇటుక ఎరుపుల్లోకి మారితే చక్కెర ఉన్నట్లు. 1956లో అమెరికాలో హెలెన్ ఫ్రీ, ఆల్ఫ్రెడ్ ఫ్రీ అనే దంపతులు తయారుచేసిన కాగితపు పట్టీ బజారులోకి వచ్చింది. ముంచి తీసి చూడటమే! దీపమూ లేదు, గొట్టమూ లేదు. ఈనాడు మందుల దుకాణంలో దొరికే గర్భ నిర్ధారణ పట్టీ కూడా ఆ కుటుంబంలోదే.

2007లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జార్జి వైట్‌సైడ్స్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. దీపపు వత్తి నూనెను ఎలా పైకి లాగుతుందో, అద్దుడు కాగితం సిరాను ఎలా పీల్చుకుంటుందో మీకు తెలుసు. కాగితం మీద నీరు దాటలేని గట్లు కట్టి, మధ్యలో సన్నని కాలువలు వదిలితే, ఒక్క చుక్క తనంతట తానే పారి నాలుగు మడుల్లోకి చేరుతుంది. ఒక్కొక్క మడిలో ఒక్కొక్క మందు ఉంటే, ఒక్క చుక్కతో నాలుగు పరీక్షలు! పంపు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. పొలానికి నీరు పెట్టే రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇంతకీ పాలలో ఏం కలుపుతారు?

కలపడం అంతా నీళ్లతోనే మొదలవుతుంది. నీళ్లు పోస్తే పాలు పలచబడతాయి. లాక్టోమీటరు దీన్ని పట్టేస్తుంది. పాలు నీటికంటే కొంచెం బరువు కాబట్టి. ఆ బరువు తిరిగి రప్పించడానికి పంచదారో, ఉప్పో, యూరియానో కలుపుతారు. చిక్కదనం కోసం గంజిపొడి కలుపుతారు. వెన్న తీసేసిన చోట చవక నూనె చేర్చాలంటే, నూనె పాలలో కలవదు. దాన్ని కలపడానికి బట్టల సబ్బుపొడి. పులిసే పాలను తాజా పాలలా చూపించడానికి తినే సోడా. పాలు తొందరగా విరగకుండా హైడ్రోజన్ పెరాక్సైడు.

చూశారా? ఒక్క మోసాన్ని కప్పిపుచ్చడానికి ఇంకో మోసం. అందుకే ఒక్క పరీక్షతో అన్నీ పట్టుబడవు. ఒక్కొక్క దొంగకు ఒక్కొక్క కాపలాదారు కావాలి.

అలాగని దేశంలో పాలన్నీ విషమని హడలిపోవలసిన పని లేదు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2011లో 1,791 నమూనాలు పరీక్షిస్తే 68.4 శాతం ప్రమాణాలకు తగినట్లు లేవని తేలింది. ఈ అంకెను పట్టుకుని ఎంతో గగ్గోలు జరిగింది. కాని అందులో ప్రధానమైన లోపాలు నీళ్లు కలపడం, పాలపొడి కలపడం. అదే సంస్థ 2018 మే నుంచి అక్టోబరు వరకు 1,103 పట్టణాల్లో 6,432 నమూనాలు తీసింది. వాటిలో ప్రాణానికి చేటు తెచ్చే కల్తీ కనిపించినవి 12. ఆ పన్నెండులో తొమ్మిది మన తెలంగాణావే అన్నది మనం తలదించుకోవలసిన విషయం. కాని ఆ సర్వేలో అసలు గమనించవలసిన అంకెలు వేరే ఉన్నాయి. 5.7 శాతం నమూనాల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం, 1.2 శాతం నమూనాల్లో పశువులకు వాడిన యాంటీబయాటిక్ మందుల శేషాలు పరిమితి మించి ఉన్నాయి. వీటి సంగతి కొంచెం ఆగి చెబుతాను.

కల్తీ పాల వల్ల 2025 నాటికి భారతీయుల్లో 87 శాతం మందికి కాన్సరు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించిందంటూ ఒక సందేశం ఫోన్లలో తిరిగింది. అటువంటి హెచ్చరిక ఏదీ రాలేదని కేంద్ర ప్రభుత్వమే 2022లో ప్రకటించింది. మా ఓపీకి వచ్చే తల్లులు ఆ సందేశాన్ని ఇంకా నాకు చూపిస్తూనే ఉన్నారు.

మన దేశంలో తయారైన కాగితాలు

కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు యూరియాకు, హైడ్రోజన్ పెరాక్సైడుకు, సబ్బుపొడికి, సోడా వంటి క్షారాలకు, గ్లూకోజుకు వేర్వేరు పట్టీలు తయారుచేశారు. పాలసేకరణ కేంద్రాల్లో డబ్బా మూత తీయగానే అక్కడికక్కడ చూసుకోవచ్చునన్నది వీటి ఉద్దేశం.

2023లో మద్రాసు ఐఐటీ పరిశోధకులు ఒక చిన్న కాగితపు పరికరం తయారుచేశారు. పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్యలో పీల్చుకునే కాగితం. పరీక్ష మందులు ముందే ఆ కాగితంలో ఇంకించి ఆరబెట్టి ఉంటాయి. ఒక్క మిల్లీలీటరు పాలు చాలు. యూరియా, సబ్బుపొడి, సబ్బు, గంజిపొడి, హైడ్రోజన్ పెరాక్సైడు, సోడా, ఉప్పు, ఈ ఏడింటి జాడ 30 సెకన్లలో రంగుల రూపంలో బయటపడుతుందని వారు వెల్లడించారు.

మన హైదరాబాదు ఐఐటీ వారిది ఇంకో దారి. 2018లో వారు నైలాన్‌ను వెంట్రుకకంటే ఎన్నోరెట్లు సన్నని పోగులుగా తీసి, కాగితంలాంటి గుడ్డగా చేసి, మూడు రంగుల మిశ్రమం అద్దారు. పాలలో ముంచితే వాటి ఆమ్లత్వాన్నిబట్టి రంగు మారుతుంది. మన కన్ను మోసపోతుంది కాబట్టి, ఆ రంగును ఫోను కెమెరా చూసి లెక్కకట్టే ఏర్పాటు చేశారు. 99.71 శాతం కచ్చితత్వం వచ్చిందని ప్రకటించారు. ఆ సంస్థ ఉన్నది సంగారెడ్డి దగ్గర కంది గ్రామంలో. ఇంకాసేపట్లో నేను చెప్పబోయే పరీక్షకు కావలసింది కూడా కందే!

గౌహతి ఐఐటీ వారు వేరే ప్రశ్న అడిగారు: ఈ పాలను సరిగా పాశ్చరైజ్ చేశారా, లేదా? పచ్చిపాలలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఉంటుంది. 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉంచి పాశ్చరైజ్ చేస్తే అది నశిస్తుంది. కాబట్టి ఆ ఎంజైము ఇంకా కనిపిస్తున్నదంటే పాలకు తగినంత వేడి తగలలేదన్నమాట. మామూలు వడపోత కాగితాన్ని ఆఫీసుల్లో వాడే పంచింగ్ యంత్రంతో గుండ్రంగా కత్తిరించి, దానికి మందు పట్టించి, ఈ పరీక్ష తయారుచేశారు.

ప్రయోగశాలలో తయారైనవన్నీ మీ వీధి దుకాణానికి వచ్చేశాయని అనుకోకండి. కొన్ని రకాల పట్టీలు మాత్రం బజారులో దొరుకుతున్నాయి. కొనేముందు తయారైన తేదీ, వాడవలసిన గడువు, రంగుల అట్ట, వాడే విధానం ఉన్నాయో లేదో చూడండి. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా కొనవద్దు.

వంటింట్లో కందిపప్పు పరీక్ష

ఏ పట్టీ దొరకకపోయినా, యూరియాకు ఒక తేలిక పరీక్ష ఉంది. ఆహార భద్రత సంస్థ కూడా దీన్ని ఇంట్లో చేసుకోమంటుంది. కావలసినవి: ఎర్ర లిట్మస్ కాగితం, పచ్చి కందిపప్పు పొడి. పప్పును వేయించకూడదు సుమా! కందిపప్పులో యూరియేజ్ అనే ఎంజైము ఉంది. వేయిస్తే అది చచ్చిపోతుంది.

ఒక చెంచా పాలలో అర చెంచా కందిపొడి వేసి బాగా కలిపి, అయిదు నిమిషాలు ఆగండి. ఎర్ర లిట్మస్ కాగితాన్ని అందులో ముంచి, అర నిమిషం తరువాత తీయండి. పాలలో యూరియా కలిసి ఉంటే, కందిలోని ఎంజైము దాన్ని విరగగొట్టి అమ్మోనియా పుట్టిస్తుంది. అమ్మోనియా క్షారం, ఎర్ర కాగితం నీలంగా మారుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పాలలో సోడా కలిపి ఉన్నా కాగితం నీలంగా మారవచ్చు. అందుకే ముందు కందిపొడి వెయ్యకుండా ఉత్త పాలలో ఒక కాగితం ముంచి చూడండి. అదే నీలంగా మారితే అనుమానం సోడా మీదికి పోవాలి, యూరియా మీదికి కాదు.

గంజిపొడికి ఇంకా సులువు. కొంచెం పాలు నీళ్లతో కలిపి కాచి, చల్లార్చి, రెండు మూడు చుక్కల టించర్ అయొడిన్ వెయ్యండి. నీలం తేలితే గంజిపొడి ఉన్నట్లు. సబ్బుపొడికి పాలూ నీళ్లూ సమంగా సీసాలో పోసి గట్టిగా కుదపండి. దట్టమైన నురగ కట్టి నిలిచిపోతే అనుమానించవలసిందే. మంచి పాలు పలుచని నురగే కడతాయి. పరీక్షించిన పాలను మాత్రం తాగకండి, పిల్లలకు అందనివ్వకండి, పారబోయండి. గాఢ ఆమ్లాలతో చేసే పరీక్షలు కొన్ని ఫోన్లలో చూపిస్తున్నారు. అవి ప్రయోగశాల పనులు. వాటి జోలికి పోవద్దు.

రంగు మారితే కల్తీ అనేనా?

కాదు! మొదట చెప్పిన తల్లి పొరపడింది ఇక్కడే. పాలలో యూరియా సహజంగానే ఉంటుంది. మన ఒంట్లో తయారైనట్లే పశువు ఒంట్లోనూ యూరియా తయారవుతుంది. దానిలో కొంత పాలలోకి వస్తుంది. నూరు మిల్లీలీటర్ల పాలలో 70 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చునని మన దేశపు ప్రమాణమే ఒప్పుకుంటున్నది. పశువుకు చెక్క, దాణా ఎక్కువగా పెడితే అది ఇంకొంచెం పెరుగుతుంది. కాబట్టి యూరియా పట్టీ మంచి పాలలో కూడా లేత పసుపు చూపించవచ్చు. ముదురు పసుపు అయితేనే అనుమానం. లేతకూ ముదురుకూ తేడా తెలియాలంటే రంగుల అట్ట పక్కన పెట్టుకోవాలి.

తిరగబడే సందర్భం కూడా ఉంది. తాజా ఆవుపాల పి.హెచ్. 6.6 నుంచి 6.8 వరకు ఉంటుంది. పాలు పులిస్తే తగ్గుతుంది. పొదుగు వాపు ఉన్న పశువు పాలలో పెరుగుతుంది. మరి పులిసిన పాలలో సోడా సరిగ్గా కొలత ప్రకారం వేస్తే? పి.హెచ్. మళ్లీ మామూలుగా కనిపిస్తుంది! ఒక్క పి.హెచ్. కాగితాన్నే నమ్ముకున్నవాడు ఆ పాలను మంచి పాలని పుచ్చుకుంటాడు. సోడాకు వేరే పట్టీ ఉన్నది అందుకే.

నేను చేసిన తప్పు

ఆ తల్లిని నేను కోప్పడలేదన్నాను కదా. కోప్పడే అర్హత నాకు లేదు. 1990ల చివర నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక గర్భిణి వచ్చింది. మూత్రంలో చక్కెర చూడటానికి పట్టీల సీసా ఉంది. మూత సగం తెరిచే ఉంది. బయట ముసురు. ఆ సీసా ఎన్ని రోజులుగా అలా ఉందో నేను అడగలేదు. పట్టీ ముంచాను, రంగు మారలేదు. “చక్కెర లేదమ్మా” అని పంపించేశాను. మరుసటి నెల కూడా అదే సీసా, అదే మాట.

ఎనిమిదో నెలలో కడుపు మరీ పెద్దదిగా ఉందని పెద్దాస్పత్రికి పంపితే, అక్కడ రక్తంలో చక్కెర విపరీతంగా ఉందని తేలింది. చెమ్మ తగిలి ఆ పట్టీలలోని మందు ఎప్పుడో చచ్చిపోయింది. బిడ్డ నాలుగు కిలోలు దాటి పుట్టింది. పుట్టగానే ఆ బిడ్డకు చక్కెర పడిపోయింది. తల్లీ బిడ్డా బయటపడటం అక్కడి డాక్టర్ల చలవ. నా గొప్ప ఏమీ లేదు. ఆనాటినుంచి ఏ పట్టీ సీసా తీసినా ముందు మూత, తరువాత గడువు తేదీ చూస్తాను. పాల పట్టీకీ ఇదే సూత్రం. చెమ్మ తగిలిన కాగితం చెడ్డ పాలను మంచివని చెప్పవచ్చు. మంచి పాలను చెడ్డవనీ చెప్పవచ్చు.

కాగితం చెప్పనివి

ఇప్పుడు అసలు ముఖ్యమైన సంగతి. ఒక పట్టీ ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. యూరియా పట్టీ యూరియా గురించే చెబుతుంది. మిగిలినవాటి గురించి దానికి తెలియదు.

మొదటిది: నీళ్లు. హంస చేసిందంటున్న ఆ పని మాత్రం ఈ పట్టీలు చేయలేవు! నీళ్లలో రంగు మార్చే పదార్థం ఏముంది గనుక? దానికి లాక్టోమీటరు, కొవ్వు పరీక్ష కావాలి. చెరువు నీళ్లో, మురికి బావి నీళ్లో కలిపితే పలచదనంతో పోయేది కాదు. టైఫాయిడు, విరేచనాలు, కామెర్లు వెంట వస్తాయి.

రెండోది: సూక్ష్మజీవులు. కల్తీ పట్టీలన్నీ పాసయిన పాలలో కూడా కోట్లకొద్దీ ఉండవచ్చు. మా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబంలో, పట్టీ రంగు మారలేదు కదా అని, పచ్చిపాలు బలమని ఎవరో చెబితే కాచకుండా తాగారు. ఇద్దరు పిల్లలు మూడు రోజులు సెలైన్ మీద ఉన్నారు. పచ్చిపాల ద్వారా క్షయ, బ్రూసెల్లోసిస్ అనే మొండి జ్వరం కూడా రావచ్చు. వీటికి విరుగుడు ఏ కాగితమూ కాదు, మీ పొయ్యి. పాలు పొంగు వచ్చాక కలుపుతూ ఒకటి రెండు నిమిషాలు మరగనిచ్చి, త్వరగా చల్లార్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పాకెట్ పాలను పాశ్చరైజ్ చేసే పంపుతారు. అయినా మన ఎండలకు అవి దుకాణం ముందు ఎంతసేపు బుట్టలో పడి ఉన్నాయో మనకు తెలియదు కాబట్టి వాటినీ కాచుకోవడమే క్షేమం.

మూడోది: బూజు విషం. బూజుపట్టిన వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క, తడిసిన దాణా పశువు తింటే అఫ్లాటాక్సిన్ పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. పాడి ఉన్న పాఠకులారా, తడిసి బూజుపట్టిన దాణాను “గొడ్డుకే కదా” అని వెయ్యకండి. అది తిరిగి మీ పిల్లవాడి గ్లాసులోకే వస్తుంది.

నాలుగోది: యాంటీబయాటిక్కులు. పొదుగువాపుకు సూది వేయించాక పశువైద్యుడు చెప్పినన్ని రోజులు ఆ పాలు అమ్మకూడదు, పిండి పారబోయాలి. ఈ శేషాలు కూడా కాచితే పూర్తిగా పోవు. వీటికీ, బూజు విషానికీ గర్భ నిర్ధారణ పట్టీలాంటి పట్టీలు ఉన్నాయి. అవి డెయిరీలు, శీతలీకరణ కేంద్రాలు వాడుకోవలసినవి. వందలమంది పాలు ఒక ట్యాంకులో కలవకముందే అక్కడ పట్టుకోవాలి. కాగితపు పట్టీ అసలు స్థానం అదే. వంటింటికి వచ్చాక దొంగను పట్టుకునేకంటే గుమ్మం దగ్గర పట్టుకోవడం మేలు కదా!

పొయ్యి క్రిములను చంపుతుంది, కల్తీని తీసెయ్యలేదు. కాగితం కల్తీని చూపుతుంది, క్రిములను చూపలేదు. కాబట్టి రెండూ కావాలి.

పట్టీ వాడేటప్పుడు

1. సీసా మూత తీసిన వెంటనే బిగించండి. వంటింటి ఆవిరికీ, స్నానాల గది చెమ్మకూ దూరంగా ఉంచండి. గడువు దాటినవి పారేయండి.

2. పాలను ముందు బాగా కలపండి. చెయ్యి కడుక్కుని ఆరబెట్టుకోండి. వేళ్లకు సబ్బు ఉంటే సబ్బు పట్టీ మీ వేళ్ల సంగతే చెబుతుంది.

3. గడియారం చూసుకోండి. చెప్పిన వ్యవధికి ముందూ చూడవద్దు, తరువాతా చూడవద్దు. ఆరిన పట్టీ రంగుకు విలువ లేదు.

4. పగటి వెలుతురులో, రంగుల అట్ట పక్కన పెట్టుకుని చూడండి. పసుపు బల్బు కింద తెల్ల కాగితమూ పసుపే.

5. మీ ఎదురుగా పిండిన పాలో, నమ్మకమైన డెయిరీ పాలో తెచ్చి, పక్కపక్కనే రెండు పట్టీలు ముంచండి. రెండూ ఒకేలా ఉంటే తొందరపడవద్దు.

6. ఒక్క పట్టీతో నిర్ణయానికి రావద్దు. మరునాడు మళ్లీ చెయ్యండి.

మూడుసార్లూ రంగు ముదురుగా వస్తే?

అప్పుడు ఆ పాలు మానండి. పిల్లవాడికి పాలు మాన్పించవద్దు. ఈ రెండింటికీ ఎంతో తేడా ఉంది. వేరే చోటినుంచి తెప్పించండి. ఒకటి రెండు వారాలు ఆలస్యమైతే పెరుగు, గుడ్డు, మెత్తగా ఉడికిన పప్పు, రాగిజావ, నువ్వులు ఇవ్వండి. బిస్కెట్లు పాలకు బదులు కావు. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలు తప్ప ఏమీ అక్కరలేదు. ఏడాది నిండేవరకు ఆవుపాలు, గేదెపాలు ప్రధాన ఆహారంగా పట్టవద్దు. ఏడాది దాటినవాడికి రోజుకు 300 నుంచి 500 మిల్లీలీటర్లు చాలు.

మీ పట్టీ కోర్టులో సాక్ష్యం కాదు. మీ ప్రాంతపు ఆహార భద్రతాధికారికి ఫిర్యాదు చెయ్యండి. ఆయన పద్ధతి ప్రకారం నమూనా తీసి ఆహార విశ్లేషకుడికి పంపుతారు. 14 రోజుల్లో నివేదిక రావాలని 2006 చట్టం చెబుతున్నది. తెలంగాణాలో అటువంటి ప్రభుత్వ ప్రయోగశాల హైదరాబాదు నాచారంలో ఉంది. కొన్నవారు కూడా రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. అయితే ఆ ఉద్దేశం అమ్మేవారికి కొనేటప్పుడే చెప్పాలని అదే చట్టంలో ఉంది. ఆ నివేదిక వచ్చేదాకా ఎవరినీ వీధిలో దొంగ అని పిలవకండి.

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. కొత్త పట్టీల పెట్టె కొని, ఆ పెద్దావిడ పాలూ, ఒక డెయిరీ పాకెట్ పాలూ తెమ్మన్నాను. మరునాడు పొద్దున్నే తెచ్చింది. ఆస్పత్రి వరండాలో, వెలుతురులో, గడియారం పెట్టుకుని ఇద్దరం చూశాం. రెండు పట్టీలూ ఒకే లేత పసుపు. అట్ట మీద “మామూలు” అని రాసిన గడిలోని రంగు అది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

“పిల్లాడికి ఇవాళే మొదలుపెడతాను సార్. కాని ఆ ఇళ్లవాళ్లందరికీ కూడా నేనే వెళ్లి చెప్పాలి కదండీ?” అంది.

“చెప్పాలమ్మా” అన్నాను.

రెండు నెలలకు పిల్లవాడు తొమ్మిది కిలోల మూడు వందల గ్రాములకు వచ్చాడు. అయిదు ఇళ్లలో మూడిళ్లవాళ్లు తిరిగి ఆ పెద్దావిడ దగ్గరే పాలు పోయించుకుంటున్నారట. మిగిలిన రెండిళ్లవాళ్లు ఎంత చెప్పినా వినలేదట. పాల కాగితం చేతిలోకి తీసుకునే ముందు ఆ రెండిళ్ల సంగతి ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.